అర గ్రాము బంగారం

దోహాలో ఉన్న తెలుగువాళ్ళకు బంగారం గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గోల్డ్ సూక్‌లో ఏ కొట్టులో మజూరీ తక్కువ, ఇవాళ గ్రాము ఎంత, ఇండియాకు వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు ఎంత తీసుకెళ్ళొచ్చు, మగవాళ్ళు ఎంత... మన వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే నిమిషంలో జవాబు వస్తుంది. అందుకే శనివారాలు బంగారం పని నేర్చుకుంటున్నానని చెప్పగానే ఒక మిత్రుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గ్రాములు?"

అర గ్రాము కూడా ఉండదన్నాను. దాంతోనే మూడు నెలలుగా కుస్తీ పడుతున్నానంటే నవ్వాడు.

నేను నేర్చుకుంటున్నది రాతప్రతుల అలంకరణ. అచ్చుయంత్రం రాకముందు చేత్తో రాసిన పుస్తకాల తొలి పుటల్ని, అంచుల్ని, శీర్షికల్ని బంగారంతో, రంగులతో తీర్చిదిద్దిన మధ్యయుగాల విద్య. యూరప్‌లో సన్యాసులు మఠాల్లో కూర్చుని చేశారు. బాగ్దాదు, హెరాత్, ఇస్తాంబుల్ నగరాల్లో రాజుల కార్యశాలల్లో చేశారు. అరబ్బీలో దీన్ని తజ్‌హీబ్ అంటారు. జహబ్ అంటే బంగారం, తజ్‌హీబ్ అంటే బంగారు పూత పెట్టడం.

నేనేమీ చిత్రకారుణ్ణి కాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నలభై అయిదు దాటాయి. పదో తరగతి సైన్సు రికార్డులో కప్ప బొమ్మ కూడా మా చెల్లెలే వేసిపెట్టింది. ఈ వయసులో కుంచె ఎందుకు పట్టానో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఊరి నుంచి బంధువులు వచ్చారు. ఎవరు వచ్చినా మనం తిప్పి చూపించే నాలుగైదు చోట్లు ఉంటాయి కదా, వాటిలో ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం ఒకటి. కార్నిష్ పక్కన సముద్రంలో చిన్న దీవి వేసి, ఐ.ఎం. పెయ్ చేత గీయించి కట్టి, 2008లో తెరిచారు. మేము చాలాసార్లు వెళ్ళాం. వెళ్ళడం అంటే, కిటికీలోంచి వెస్ట్ బే భవనాలు కనపడేలా ఫొటోలు దిగి, కాఫీ తాగి వచ్చేయడం. ఆ రోజు మా అమ్మాయి ఒక గాజు అర ముందు ఆగిపోయింది. లోపల ఒకే ఒక్క తోలు పుట. నీలిమందులో ముంచి తీసిన ముదురు నీలం, దాని మీద బంగారు అక్షరాలు. నీలి ఖురాన్ అంటారు. తొమ్మిది, పది శతాబ్దాల నాటిది. పుస్తకం విడిపోయి దాని పుటలు ప్రపంచంలో ఎన్నో మ్యూజియంలకు చేరాయి.

"నాన్నా, మన తెలుగు పుస్తకాలకు కూడా ఇలా బంగారం వేసేవాళ్ళా?"

తెలియదన్నాను. అది నిజమే. ఇంకో నిజం మాత్రం చెప్పలేదు.

కోనసీమలో మా పాత ఇంటి అటక మీద ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి ఉండేది. పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, మధ్యలో చిల్లుల గుండా తాడు. దసరాకు దింపి పసుపు, కుంకుమ పెట్టి మళ్ళీ పైకి ఎక్కించేవాళ్ళు. ఎవరైనా విప్పి చదవగా నేను చూడలేదు. ముత్తాత రాసిందని ఒకరు, ఆయన ఎవరిచేతో రాయించుకున్నదని ఇంకొకరు. వైద్యమని ఒకరు, పురాణమని ఒకరు. 2015లో, గోదావరి పుష్కరాలకు కాస్త ముందు, ఇల్లు అమ్మడానికి ఖాళీ చేస్తూ బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, తాటాకులకు చెద పట్టింది. ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఏం చెయ్యమంటావు?" నేను ఆఫీసులో రిలీజు హడావుడిలో ఉన్నాను. "మీ ఇష్టం బాబాయ్, ఇప్పుడవి మనమేం చేసుకుంటాం" అన్నాను. పుష్కరాల్లో గోదావరిలో కలిపేశారు. పాత గ్రంథాన్ని చెత్తలో వెయ్యకూడదని భక్తితోనే కలిపారు. వాళ్ళను అనడానికి ఏమీ లేదు. ఎమ్మెస్ చదివినవాణ్ణని నన్ను అడిగారు, పదిహేను సెకన్లలో నేను తేల్చేశాను.

ఎక్కడో తయారైన ఒక్క పుటను, వెయ్యేళ్ళ తర్వాత, ఎడారి దేశంలో మసక వెలుతురులో పెట్టి కాపాడుతున్నారు. మా ఇంట్లో కట్టకు కట్టే పోయింది, దానిలో ఏముందో కూడా తెలియకుండా.

ఇక్కడి మ్యూజియంలలో, కళాకేంద్రాల్లో అప్పుడప్పుడు చిన్న చిన్న కార్యశాలలు పెడుతుంటారు. అలాంటి రెండు రోజుల తరగతిలో చేరాను. తర్వాత అక్కడ పరిచయమైన ఒక టర్కీ ఆవిడ దగ్గర శనివారాలు కూర్చోవడం మొదలుపెట్టాను. అందరూ ఆమెను హోజా అంటారు, వాళ్ళ భాషలో గురువు అని. మొదటి నెల బంగారం మొహం చూపించలేదు. కాగితం, పెన్సిలు, అంతే. కాగితం అంటే కొనుక్కొచ్చిన కాగితం కాదు. టీ డికాషన్‌లో ముంచి రంగు ఎక్కించాలి. గుడ్డు తెల్లసొనలో పటిక కలిపి, వడగట్టి పూయాలి. ఆరాక నున్నటి రాయితో రుద్దాలి. ఆ తర్వాత దాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టేయాలి. బాల్కనీలో గుడ్డు వాసనకు మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. ఆ పూత ఎందుకంటే, సిరా, రంగు కాగితంలోకి ఇంకిపోకుండా పైనే నిలవాలి. తప్పు గీస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు కూడా.

తర్వాత నక్షా. పుస్తకం తొలి పుటలో సూర్యబింబంలా గుండ్రటి అలంకారం ఉంటుంది, దాన్ని షంసా అంటారు. అరబ్బీలో షంస్ అంటే సూర్యుడు. వృత్తం మొత్తం గీయరు. పదహారో వంతు గీసి, దాన్నే తిప్పి తిప్పి పదహారుసార్లు దింపుతారు. పలచటి కాగితం మీద గీసిన గీతల వెంట సూదితో తూట్లు పొడిచి, అసలు కాగితం మీద పెట్టి, బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు దిగుతాయి. ఆ చుక్కలు కలుపుకుంటూ పోవాలి. నాకు మొదట మా అమ్మ ధనుర్మాసం ముగ్గు గుర్తొచ్చింది, తర్వాత నా ఉద్యోగం. పదహారో వంతులో వెంట్రుకవాసి తప్పు ఉంటే వృత్తంలో అది పదహారు తప్పులవుతుంది. ఫంక్షన్‌లో ఒక్క బగ్ వదిలేసి పదహారుచోట్ల పిలిచినట్టు. ఇలాంటివి రెండు షంసాలు చించి పారేశాను.

చివరికి బంగారం. పాతిక రేకుల చిన్న పుస్తకంలా వస్తుంది. ఒక్కో రేకు ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచన. మొత్తం కలిపినా అర గ్రాము తూగదు. ఆ రేకుల్ని పింగాణీ పళ్ళెంలో జిగురునీళ్ళు వేసి వేలి కొసతో నూరాలి. రెండు గంటలు, మూడు గంటలు, వేలు మొద్దుబారేదాకా. ఆ జిగురు ఏమిటో తెలిసి నవ్వొచ్చింది. ప్రపంచమంతా గమ్ అరబిక్ అని గొప్పగా పిలిచేది తుమ్మజాతి చెట్ల జిగురే. బడి రోజుల్లో మా చెరువుగట్టు మీద తుమ్మచెట్టుకు గిల్లుకొచ్చి, నానబెట్టి, చిరిగిన పుస్తకాలు అతికించుకున్నది దాని తోబుట్టువునే. నూరేకొద్దీ బంగారం మెరుపు పోయి గోధుమరంగు బురదలా అయిపోతుంది. పాడుచేశానని భయపడ్డాను. హోజా ఏమీ అనకుండా నీళ్ళు పోయించింది. బంగారం అడుగుకు దిగాక పైనీళ్ళు వంచేసి, మళ్ళీ పోసి, మళ్ళీ వంచి, చివరికి ఆ అడుగు మడ్డిని కుంచెతో పూసి ఆరనిచ్చాం. అప్పుడు కూడా ఏమీ మెరవలేదు. అగేట్ రాయి తొడిగిన పుల్లతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాక మెరిసింది. ఆ క్షణం గురించి ఎక్కువ రాస్తే అతిశయోక్తి అవుతుంది. ఆ సాయంత్రం ట్రాఫిక్‌లో నాకు కోపం రాలేదని మాత్రం చెప్తాను.

ఒకరోజు హోజా ఇచ్చిన నక్షాలో ఒక పువ్వు ఎక్కడో చూసినట్టనిపించింది. ఇంటికొచ్చి వెతికితే మా మంచం మీదే ఉంది. అమ్మ పెట్టిచ్చిన మచిలీపట్నం కలంకారీ దుప్పటి. ఫొటో తీసి పంపాను. హోజా ఒక్కో పువ్వుకీ, ఆకుకీ తన భాషలో పేరు రాసి తిప్పి పంపింది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు, మనం మర్చిపోయామంతే. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి రేవు. అక్కడి నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి ఈ పక్క సముద్రంలోని బందర్ అబ్బాస్‌కే వచ్చేవి. ఇరాన్ వాళ్ళ ఇష్టాలు పెడన, బందరు అద్దకంలో కలిసిపోయాయి. కలంకారీలో కలం ఎక్కడిది? కాగితం ఎక్కడిది? దస్తావేజు ఎక్కడిది? ఆ మాటలన్నీ ఈ దారిన వచ్చినవే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ విద్య నేర్చుకుంటున్నానని తెలిసి మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, "ఇదంతా వాళ్ళ మతానికి సంబంధించింది కదా, మీకెందుకండీ?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. నాకూ మొదట్లో బెరుకుగానే ఉండేది. నేను తాకకూడనిదేదో తాకుతున్నానా అని హోజాను అడిగాను కూడా. నేర్చుకునేవాళ్ళు ఖాళీ కాగితాల మీద పువ్వులు, తీగలు, షంసాలే వేస్తారని, ఈ అలంకరణ కవుల దీవానులకూ, వైద్య గ్రంథాలకూ, ఖగోళ గ్రంథాలకూ కూడా చేసేవారని చెప్పింది. ఇక మనవాళ్ళ ప్రశ్నకు జవాబు హైదరాబాదులోనే ఉంది. ఆ నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవితల సంపుటి, బంగారు అలంకరణతో, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. ఒకే దర్బారులో ఒక పక్క గంటం, ఒక పక్క బంగారు కుంచె. అది వాళ్ళది, ఇది మనది అని గీత గీసే పని ఆ కాలం వాళ్ళు మనకు వదిలిపెట్టలేదు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 2023 డిసెంబరులో యునెస్కో ఈ విద్యను మానవాళి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అజర్‌బైజాన్, ఇరాన్, తజికిస్థాన్, టర్కీ, ఉజ్బెకిస్థాన్ కలిసి అడిగాయి, ఒక్కో దేశం తన పేరుతో. ఉజ్బెకుల పేరు నక్కోష్లిక్, అంటే నక్కాషుల పని. ఆ మాట చదవగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. హైదరాబాదు నుంచి రెండు గంటల దారిలో, సిద్దిపేట జిల్లా చేర్యాలలో, పటాలు గీసే కుటుంబాలను మనం పిలిచేది నకాషీలనే కదా! నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ళనూ అలాగే పిలుస్తాం. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, దాని మీద గీస్తారు చేర్యాల పటం. నేను బాల్కనీలో తెల్లసొన పూసింది దేనికో, వాళ్ళు చింతగింజలు ఉడకబెట్టేదీ దానికే. ఆ పటం పరిచి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. ఇప్పుడు ఆ పని చేస్తున్నవి కొద్ది కుటుంబాలే. సమర్‌కందు నుంచి సిద్దిపేట దాకా ఒకే మాట వినపడుతోంది. నేను ఎమ్మెస్ దాకా చదివి కూడా ఆ మాటను దోహాలో విన్నాను.

ఇక నా ఫిర్యాదు. ఫిర్యాదు మన మీదే.

గల్ఫ్‌లో మనం ఎన్నేళ్ళున్నా విమానాశ్రయంలో కూర్చున్నట్టే కూర్చుంటాం. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఎప్పటికైనా పౌరసత్వం అనే ఆశ ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం అయిపోయిన రోజే ఖతార్ ఐడీకి కూడా రోజులు దగ్గరపడతాయి. అందుకని మనసులో సామాను విప్పం. ఇరవై ఏళ్ళున్నా అరబ్బీలో నాలుగు ముక్కలు దాటవు. ఎడ్యుకేషన్ సిటీలో నేషనల్ లైబ్రరీ ఉంది, మెట్రో స్టేషను దాని పేరుతోనే ఉంది, పది లక్షలకు పైగా పుస్తకాలున్నాయి. నేలను ఆరు మీటర్లు తవ్వినట్టు కట్టిన గుంతలో పాత రాతప్రతులు, పటాలు పెట్టారు. మనలో ఎందరం పిల్లల హోంవర్కు కోసం తప్ప అందులో అడుగుపెట్టాం? పిల్లలకు మాత్రం అన్నీ నేర్పిస్తాం. తెలుగు బడి, కూచిపూడి, కీబోర్డు, అబాకస్, కరాటే. వాళ్ళను దించి, కారులో ఏసీ వేసుకుని ఫోన్ చూసుకుంటూ గంటసేపు కూర్చుంటాం. అమ్మా నాన్నా కొత్తగా ఏదైనా మొదలుపెట్టి, చేతకాక, చించి పారేసి, మళ్ళీ మొదలుపెట్టడం మన పిల్లలు ఎప్పుడు చూశారు?

మా అమ్మాయి ఇప్పుడు చూస్తోంది, బాగా నవ్వుకుంటోంది కూడా. ఒకరోజు షంసా మధ్యలో తన పేరు తెలుగులో రాయమంది. కలం పట్టుకున్నాక తెలిసింది, నేను చేత్తో తెలుగు రాసి పదేళ్ళు దాటిందని. ఫోన్‌లో అమ్మకు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడుతున్నాను. పేరు నాలుగు అక్షరాలే. రాసింది చూసి, "మీ స్కూల్లో రైటింగ్‌కి మార్కులు ఉండేవి కాదా?" అంది. ఆ వారం నేను రోజుకో పేజీ అచ్చులు, హల్లులు దిద్దాను. పక్కన కూర్చుని తనూ దిద్దింది. తెలుగు బడికి పంపడానికి మూడేళ్ళు బతిమాలిన పిల్ల.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఇది శనివారం సెలవు ఉన్నవాడి మాట. జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో వచ్చి, శుక్రవారం ఒక్కరోజే సెలవు దొరికి, ఆ రోజు బట్టలు ఉతుక్కుని ఇంటికి ఫోన్ చేసుకునే అన్నలకు నేను తజ్‌హీబ్ గురించి ఉపన్యాసం ఇవ్వను. కానీ శనివారం ఉన్నవాళ్ళం మనం వేలల్లో ఉన్నాం. మన సంఘాలు ఉగాదికీ, సంక్రాంతికీ సినిమా గాయకులను రప్పిస్తున్నాయి. మంచిదే, నేనూ ముందు వరసలో కూర్చుని ఈలలు వేశాను. ఒక్క ఏడాది ఒక్క గాయకుడిని తగ్గించి, చేర్యాల నుంచి ఒక నకాషీ కుటుంబాన్ని వారం రోజులు పిలిపించండి. ఇక్కడి తజ్‌హీబ్ నేర్పేవాళ్ళతో కలిపి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. రానుపోను టికెట్లు, బస, పని విలువకు తగ్గ డబ్బు. పెద్ద ఖర్చు కాదు. రెండు వైపులా ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా చేతుల పని తెలుస్తుంది.

హోజా ఒకసారి మన పద్ధతి అడిగింది. తాటాకు మీద గంటంతో గీకుతారని, గీసేటప్పుడు అక్షరం సరిగ్గా కనపడదని, రాయడం అయ్యాక మసి, ఆకుపసరు రుద్దితే అక్షరం నల్లగా తేలుతుందని చెప్పాను. "కనపడని అక్షరాలు రాసేవాళ్ళా!" అని కుంచె కింద పెట్టేసింది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. మన రాతగాళ్ళ శ్రద్ధ బంగారం మీద కాదు, ప్రతి తీయడం మీద. మన ఉక్కపోతకు, చెదలకు తాటాకు ఎక్కువ కాలం ఆగదు. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదకు ఎక్కించాలి. కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి చేయించింది ఆ పనే. మా ఇంట్లో ముత్తాత తర్వాత ఎవరూ ప్రతి తీయలేదు. నా వంతు వచ్చేసరికి ఫోటో తీయమని చెప్పడానికి కూడా నాకు తోచలేదు. అప్పటికి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది.

అందుకని ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు అటక చూడండి. పూజగది పైఅర, పాత ఇనప్పెట్టె చూడండి. తాటాకులే కానక్కర్లేదు, తాతగారి చేతిరాత పుస్తకమైనా సరే. పొడి రాలుతుంటే విప్పొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫొటో తీసి, తెలిసినవాళ్ళను అడగండి. జాతీయ రాతప్రతుల మిషన్ 2003లో మొదలైంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరుస్తామని ప్రకటించారు. హైదరాబాదులో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఇల్లు అమ్మే ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరుగుతాం, ఒక్కసారి ఇటు కూడా తిరగొచ్చు.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది. పాత పంచాంగాల దొంతరలో ఒక తాటాకు దొరికిందట. ఒక్కటే. ఆ కట్టలోంచి ఎప్పుడో జారిందో, వేరేదో తెలియదు. ఫొటో పంపింది. ఊళ్ళో ఉన్న రిటైరైన తెలుగు మాస్టారికి చూపిస్తే పురాణం కాదు, వైద్యం కాదు, ఎవరికో అప్పిచ్చిన ధాన్యం లెక్క అన్నారట. ఇన్ని కుంచాలు, ఇన్ని మానికలు. మా అమ్మాయి ఆ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. తనకు తెలిసిన అక్షరాలు మూడు పట్టుకుంది. జనవరికి టికెట్లు తీశాం, ఒక రోజు చేర్యాలకు అట్టిపెట్టాం.

అమ్మ ఆ ఆకును బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. "కర్పూరం బిళ్ళలు వెయ్యనా, ఏం కాదుగా?" అని అడిగింది.

"ఆగమ్మా, ఇప్పుడే ఏమీ చెయ్యకు. కనుక్కుని చెప్తాను" అన్నాను.